వేళ్లు తెల్లబడేవాళ్లకు ఛార్జింగ్ హ్యాండ్ వార్మర్: బెంగళూరులో ఒక చలికాలం వాడి చెప్తున్నాను

పోయిన డిసెంబరు మొదటి వారంలో ఒక సాయంత్రం పెళ్లి బ్లౌజుకు హుక్కులు కుడుతున్నాను. చలికి తెల్లబడి మొద్దుబారిన చూపుడు వేలికి సూది గుచ్చుకుంది. నాకు తెలియలేదు. పది నిమిషాల తర్వాత వేలికి రక్తం తిరిగొచ్చి, తెల్లటి లైనింగ్ మీద ఎర్రచుక్క పడ్డాక తెలిసింది. ఆరకముందే మరక తీయాలి కదా, వెంటనే చన్నీళ్లు పట్టి సబ్బుతో రుద్దాను. మరక పోయింది గానీ ఆ నీళ్లకు రెండు చేతుల వేళ్లూ మళ్లీ సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. ఆ రాత్రే ఛార్జింగ్‌తో నడిచే హ్యాండ్ వార్మర్, అంటే చేతుల్లో పట్టుకొని వెచ్చబెట్టుకునే చిన్న పరికరం, ఆర్డర్ పెట్టాను.

కొనేముందు నేను చదివిన రివ్యూలన్నీ మనాలీ, కశ్మీరు టూరుకు వెళ్లొచ్చినవాళ్లవి. మంచు చూడ్డానికి నాలుగు రోజులు పోయేవాళ్ల అవసరం వేరు. ఇంట్లో కూర్చొని వేళ్లతో పని చేసుకుని బతికేవాళ్ల అవసరం వేరు. మూడు నెలలు రోజూ వాడాను కాబట్టి నాలాంటివాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మాది కళ్యాణదుర్గం. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చాం, మతికెరెలో ఉంటాం. ఇంటి ముందు గదే నా షాపు. ఇరవై రెండేళ్లుగా బ్లౌజులు, లంగాలు కుడుతున్నాను. వేళ్లు తెల్లబడటం నాకు 44వ ఏట మొదలైంది. మొదట చూసిన డాక్టరు రక్తం తక్కువుందని ఐరన్ మాత్రలు రాశారు. ఆరు నెలలు మింగాను, వేళ్లలో ఏ మార్పూ లేదు. తర్వాత కీళ్లజబ్బులు చూసే డాక్టరు దగ్గరికి వెళ్తే, నేను ఫోనులో తీసి పెట్టుకున్న ఫోటో చూడగానే ఇది రేనాడ్స్ అన్నారు. 1862లో మోరిస్ రేనో అనే ఫ్రెంచి డాక్టరు దీని గురించి రాశాడట, ఆయన పేరే జబ్బుకు పెట్టారు. మీకూ ఇలా అవుతుంటే వేళ్లు తెల్లబడినప్పుడు ఫోటో తీసి పెట్టుకోండి. ఆసుపత్రికి వెళ్లేసరికి వేళ్లు మామూలుగా అయిపోతాయి, మనం చెప్పింది ఎదుటివాళ్లకు అర్థం కాదు.

ఆ డాక్టరమ్మ చెప్పింది నాకు అర్థమైనట్టు చెప్తాను. చలి తగిలితే ఎవరికైనా శరీరం కడుపు, గుండె దగ్గర వేడిని కాపాడుకోవడానికి చేతులకూ కాళ్లకూ రక్తం తగ్గిస్తుంది. మనకు అది అతిగా జరుగుతుంది. వేళ్లలోని సన్నటి రక్తనాళాలు బిగుసుకుపోతాయి. వేలు తెల్లబడుతుంది, తర్వాత నీలం తిరుగుతుంది, నాళాలు తెరుచుకున్నాక ఎర్రబడి సలుపుతుంది. నాకు ఆ సలుపే ఎక్కువ బాధ. కుర్రవయసులో మొదలైతే చాలామందికి వెనక ఇంకే జబ్బూ ఉండదని, నలభై దాటాక మొదలైతే లూపస్, స్క్లెరోడెర్మా లాంటివి (ఒంటిని కాపాడాల్సిన రక్షణ శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బులు) ఉన్నాయేమో చూడాలని చెప్పి, వాటి ఆనవాలు చూసే ఏఎన్ఏ రక్తపరీక్ష చేయించారు. గోళ్ల మొదట్లో చర్మాన్ని లెన్సు పెట్టి చూశారు. దేవుడి దయ, అవేవీ లేవు. మరీ ఎక్కువైతే రక్తనాళాలు వదులయ్యే మాత్ర ఇస్తానని, ముందు వెచ్చగా ఉండటం నేర్చుకోమని పంపారు.

బెంగళూరులో చలేమిటి అని ఊళ్లో మా వదిన అంటుంది. నిజమే, డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున ఇక్కడ మామూలుగా 15, 16 డిగ్రీలుంటుంది. ఈ ఊళ్లో రికార్డయిన అతి తక్కువ 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. కానీ చలిదేశాల్లో ఇల్లంతా వేడి చేసుకుంటారు. మన ఇళ్లలో బయట ఎంతో లోపలా అంతే. కింద గ్రానైటో, టైల్సో ఉంటుంది. సంపు నీళ్లు, కుళాయి, స్టీలు గిన్నెలు, ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్టు, నాకైతే కత్తెర, మిషను చక్రం, అన్నీ చల్లగా తగిలేవే. రేనాడ్స్‌కు మంచు కురవాల్సిన పని లేదు. వెచ్చటి రగ్గులోంచి లేచి చల్లటి కుళాయి ముట్టుకుంటే చాలు.

ఇక వస్తువు సంగతి. రెండు వార్మర్ల జత, 1,749 రూపాయలు. కంపెనీ పేరు రాయడం లేదు, అదే వస్తువు నాలుగైదు పేర్లతో కనిపిస్తోంది. ఒక్కొక్కటి పెద్ద సబ్బుబిళ్లను నిలువునా సగం చేసినంత ఉంటుంది. రెండూ అయస్కాంతంతో అతుక్కుంటాయి. మెటల్ తొడుగు, టైప్-సి ఛార్జింగ్, ఒకటే బటన్. బటన్ మూడు సెకన్లు నొక్కి పడితే మొదలవుతుంది, మళ్లీ నొక్కితే వేడి పెరుగుతుంది. మూడు లెవెల్స్. కింది లెవెల్‌లో పెరుగు తోడు పెట్టేటప్పుడు పాలుండే గోరువెచ్చదనం. మధ్యది చీర ఇస్త్రీ చేసి మడత పెట్టి కాసేపు ఉంచాక మడతలో చెయ్యి పెడితే తగిలే వేడి. పైది ఇస్త్రీ పెట్టె తీసిన మరుక్షణం గుడ్డ ఉండే వేడి, దాన్ని ఉత్త చేత్తో నేను పట్టుకోలేను.

పెట్టె మీద ‘ఎనిమిది గంటలు’ అని ఉంది. గోడ గడియారం చూసి రాసుకున్నాను. కింది లెవెల్‌లో 3 గంటల 50 నిమిషాలు, మధ్యలో రెండున్నర గంటలు, పైదానిలో గంటా నలభై. పెట్టె మీద బ్యాటరీ 5000 ఎంఏహెచ్ అని ఉంది. ఒక్కొక్కటీ అంతా, రెండూ కలిపి అంతా అనేది రాయలేదు. లెక్క చూసి మా అబ్బాయి రెండూ కలిపే అన్నాడు. ఎనిమిది గంటలంటే ఒకటి అయిపోయాక ఇంకోటి వాడితే అన్నమాట. అది సరిగ్గా రాసి ఉంటే నేను రెండు జతలు తెప్పించుకునేదాన్ని, బాధపడేదాన్ని కాదు.

నాకు మొదట వచ్చిన జతలో ఒకటి పావుగంటకే ఆగిపోయేది. అమ్మినవాళ్లకు చెప్తే వీడియో అడిగారు. వీడియో పంపితే ఛార్జింగ్ సరిగా పెట్టి మళ్లీ తీయమన్నారు. పదకొండు రోజులు తిరిగి తిరిగి చివరికి మార్చి ఇచ్చారు. సంక్రాంతి ఆర్డర్లు నెత్తిన ఉన్నప్పుడు ఆ పదకొండు రోజులు చాలా టెన్షన్ పడ్డాను. రాగానే రెండింటినీ కింది లెవెల్‌లో పూర్తిగా ఆగిపోయేదాకా పెట్టి టైము చూసుకోండి. మార్పిడికి ఏడు రోజులే గడువు ఇస్తారు, అది దాటితే మాట్లాడటం కష్టం.

మంచి జత వచ్చాక కూడా మొదటి రెండు వారాలు నాకు పెద్ద ఉపయోగం కనిపించలేదు. తప్పు నేను వాడే పద్ధతిలో ఉంది. వేళ్లు తెల్లబడేదాకా కుట్టేదాన్ని, తెల్లబడ్డాక వార్మర్ ఆన్ చేసి గట్టిగా పట్టుకునేదాన్ని. నాళాలు బిగుసుకున్నాక బయటి నుంచి వేడి పెడితే వేలి పైచర్మం వేడెక్కుతుంది, లోపల రక్తం రావడానికి మాత్రం పావుగంట, ఇరవై నిమిషాలు పడుతూనే ఉంది. పైగా మొద్దుబారిన వేలికి వేడి ఎంతుందో తెలియదు. ఒకసారి పై లెవెల్‌లో పట్టుకొని ఉంటే, రక్తం తిరిగొచ్చాక అరచేయి మండింది.

తర్వాతిసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరుకు ఈ మాట చెప్పాను. ఆవిడ వార్మర్ చేతిలోకి తీసుకొని చూసి, “దీన్ని చేతుల్లో కాదు, కడుపు దగ్గర పెట్టుకొని చూడండి” అన్నారు. నడుము పైభాగం వెచ్చగా ఉంటే శరీరానికి వేడి దాచుకోవాల్సిన అవసరం ఉండదు, అప్పుడు వేళ్లకు రక్తం దానంతటదే వదులుతుంది. ఇంటికొచ్చి పాత నైటీ గుడ్డతో నడుముకు కట్టుకునే వెడల్పాటి పట్టీ ఒకటి కుట్టాను. లోపలివైపు రెండు వరసల ఫ్లానెల్, ముందు రెండు జేబులు, వెనక వెల్క్రో. సాయంత్రం ఐదింటికి, ఇంకా చలి మొదలవకముందే, రెండు వార్మర్లూ కింది లెవెల్‌లో పెట్టి జాకెట్టు కింద కట్టుకున్నాను. ఆరున్నరకు వేళ్లు చూసుకున్నాను. గులాబి రంగులోనే ఉన్నాయి. ఏడున్నరకు కూడా అలాగే ఉన్నాయి. ఆ రోజు నాలుగు బ్లౌజులకు హెమ్మింగ్ చేశాను. గత చలికాలం అదే టైములో రెండు చేయడానికి ఏడుపొచ్చేది.

ఇదొక్కటి తెలియక ఎంతమంది వార్మర్ కొని పక్కన పడేస్తున్నారో అనిపించింది. పెట్టెలో ఇచ్చిన కాగితంలో చేతుల్లో పట్టుకున్న బొమ్మే ఉంది. మీరు కొంటే కడుపు దగ్గర పెట్టుకోండి, చలి పెట్టకముందే పెట్టుకోండి. తెల్లబడ్డాక వేళ్లను చంకల్లో పెట్టుకోవడమో, గోరువెచ్చటి నీళ్లలో ముంచడమో, లేదా చెయ్యి చాచి భుజం నుంచి గుండ్రంగా తిప్పడమో చేస్తే నాకు వార్మర్ కంటే తొందరగా తగ్గుతోంది. వేడి వేడి నీళ్లలో మాత్రం ముంచకండి.

దీనిలో ఒక పెద్ద లోపం ఉంది, దానికి రెండు స్టార్లు తగ్గించాలి. టైమర్ లేదు. ఆపకపోతే ఛార్జ్ అయిపోయేదాకా నడుస్తూనే ఉంటుంది. భోగి ముందు రోజు రాత్రి పన్నెండున్నర దాకా కుట్టి, పట్టీ విప్పకుండా కుర్చీలోనే కునుకు తీశాను. లేచేసరికి ఒక వార్మర్ జేబులోంచి జారి తొడ మీద ఒకేచోట ఆని ఉంది. చీర అడ్డమున్నా చర్మం రూపాయి బిళ్లంత ఎర్రగా కందిపోయింది, ఆ మచ్చ తగ్గడానికి పది రోజులు పట్టింది. చెయ్యి పెడితే ఓర్చుకోగలిగే వేడి కూడా గంటల తరబడి ఒకేచోట తగిలితే చర్మాన్ని కాలుస్తుంది. షుగరు ఉన్నవాళ్లకు, కాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లకు ఇది నేను చెప్పను. పడుకునేటప్పుడు ఎవరూ పెట్టుకోకూడదు. ఇప్పుడు ఫోనులో గంటన్నరకు అలారం పెట్టుకొని, మోగగానే పట్టీ విప్పి చర్మం చూసుకుంటున్నాను.

ఇంకోటి, సంచిలో వేసుకొని వెళ్తే తాళాలగుత్తి ఒత్తుకొని దానంతటదే ఆన్ అయింది. అప్పటి నుంచి కళ్లజోడు డబ్బాలో పెట్టుకుంటున్నాను. విమానంలో వెళ్లేవాళ్లు చెకిన్ సామానులో పెట్టకండి, లిథియం బ్యాటరీ కాబట్టి చేతిసంచిలోనే ఉండాలి.

ధనుర్మాసం నాకు ప్రతి ఏడూ పరీక్షే. మా వీధి చివర వెంకటేశ్వరస్వామి గుడిలో ఐదున్నరకు తిరుప్పావై. రాతి నేల మీద ఉత్త కాళ్లతో అరగంట నిలబడితే కాలివేళ్లు చచ్చుపడిపోయేవి. పోయిన ఏడు సగంలోనే మానేశాను, ఆ దిగులు ఏడాదంతా ఉంది. ఈసారి ముందుగానే వెళ్లి పూజారిగారిని అడిగాను. “స్వామీ, నాకు చలికి వేళ్లకు రక్తం ఆడదు. సాక్సు వేసుకొని లోపలికి రావచ్చా?” ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “రండమ్మా. గుడి కోసం ఒక జత విడిగా పెట్టుకోండి, రోజూ ఉతికి వేసుకోండి, అంతే” అన్నారు. అడగకుండా ఏడాది ఎందుకు బాధపడ్డానో. ముప్ఫై రోజుల్లో ఇరవై ఆరు రోజులు వెళ్లాను. కాళ్లకు ఊలు సాక్సు, పట్టీ కుట్టుకున్నాక నడుముకు అది కూడా. తీర్థం పట్టేటప్పుడు మాత్రం చన్నీళ్లకు వేళ్లు జివ్వుమనేవి. వెంటనే వేడి పొంగలి దొన్నె చేతిలో పెట్టేవారు.

ఆ సాక్సు గురించి చెప్పాలి. బొటనవేలు వేరుగా ఉండే రకం, చెప్పులు వేసుకోవడానికి వీలు. మెడికల్ షాపులో కాదు, చలికాలం రోడ్డు పక్కన స్వెట్టర్లు అమ్మేవాళ్ల దగ్గర కొన్నాను. మా ఊళ్లో వీళ్లను నేపాలీవాళ్లు అనేవాళ్లం. అసలు వీళ్లలో చాలామంది టిబెట్ వాళ్లు, కర్ణాటకలోనే బైలకుప్పెలో 1960ల నుంచి స్థిరపడ్డారు. నేను కొన్న పెద్దావిడ కన్నడం మాకంటే బాగా మాట్లాడుతుంది. ఊలు సాక్సు అని చూపించింది. అక్కా, ఒక పోగు లాగి కాల్చి చూడనా అన్నాను. నవ్వి తనే అగ్గిపెట్టె తెప్పించింది. కుట్టుపని చేసేవాళ్లకు ఇది అలవాటే. నిజమైన ఊలు అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, వేళ్లతో నలిపితే బూడిద అవుతుంది. యాక్రిలిక్ అయితే కరిగి గట్టి పూస కడుతుంది. ఒక జత పూస కట్టింది, ఇంకో జత బూడిదైంది. బూడిదైన రకమే రెండు జతలు తీసుకున్నాను, ఒక్కోటి 280. యాక్రిలిక్ పనికిరాదని కాదు, చవక, తొందరగా ఆరుతుంది. కానీ చెమ్మ తగిలాక కూడా వెచ్చగా ఉంచేది ఊలే. నూలు సాక్సు చెమటకు తడిసి ఇంకా చలి పుట్టిస్తుంది.

సాక్సు అంచుల్లో ఎలాస్టిక్ చూసుకోండి. వేసుకొని అరగంటకు తీస్తే కాలి మీద గాడి పడిందంటే అది మీకు వద్దు. రక్తం ఆడక బాధపడుతుంటే ఉన్న రక్తాన్ని కూడా మనమే బిగించి ఆపినట్టు అవుతుంది. బిగువు బూట్లలో రెండు సాక్సులు తొడిగినా ఇదే సంగతి.

గ్లవుజుల విషయంలో నేను డబ్బు పోగొట్టుకున్నాను. బండి మీద వెళ్లడానికని ఒక షోరూములో 900 పెట్టి కొన్నవి చూడ్డానికి బాగున్నాయి గానీ కుట్టు చూస్తే బాధేసింది. వేళ్ల చివర కుట్టు లోపలికి దళసరిగా వదిలేశారు, అది వేలి కొసకు ఒత్తుకుంటుంది. మణికట్టు దగ్గర ఎలాస్టిక్ మరీ బిగువు. పైగా ఐదు వేళ్లకు ఐదు గదులు, ఏ వేలి చలి దానిదే. నాలుగు వేళ్లు ఒకే అరలో ఉండే రకం అయితే ఒకదాని వేడి ఇంకోదానికి తగులుతుంది. అవి బండి నడపడానికి పనికిరావు, వెనక కూర్చునేవాళ్లకు బాగుంటాయి. నేను ఎలాగూ మా ఆయన వెనకే కూర్చుంటాను కాబట్టి పాత కంబళి ముక్కతో ఒక జత కుట్టుకున్నాను.

మిషను మీద కూర్చున్నప్పుడు గ్లవుజు కుదరదు, వేలికి గుడ్డ తెలియాలి. దీనికి నాకు బాగా పనిచేసినది పైసా ఖర్చు లేనిది. మా అబ్బాయి చిన్నప్పటి ఊలు స్వెట్టరు చేతులు కత్తిరించి మణికట్టుకు తొడుగులు చేశాను. మోచేతి కింద నుంచి అరచేతి సగం దాకా వస్తాయి, బొటనవేలికి చిన్న రంధ్రం. నాడి చూసుకుంటే తెలుస్తుంది, మణికట్టు దగ్గర రక్తనాళం చర్మానికి ఎంత పైన ఉంటుందో. అక్కడ చల్లబడితే వేళ్లకు వెళ్లే రక్తం చల్లబడినట్టే. కత్తిరించిన అంచు జారిపోకుండా ముందు జిగ్‌జాగ్ కొట్టి తర్వాత మడవండి, బిగించి లాగి కుట్టకండి. కత్తెర పిడికి కూడా గుడ్డపట్టీ చుట్టాను. ఇనప పిడి రోజుకు వందసార్లు ముట్టుకుంటాం, ఆ చల్లదనం అంతా వేళ్లదే.

రబ్బరు వేడినీళ్ల సంచి మా అత్తమ్మది, మోకాళ్లకు వాడేవారు. రాత్రి పడుకునే ముందు పక్క వెచ్చబెట్టడానికి ఇదే మంచిది, కరెంటు భయం లేదు. మూడింట రెండు వంతులు నింపి, గాలి పోయేలా నొక్కి మూత బిగించాలి. మరిగే నీళ్లు పోయకూడదు. పడుకునేటప్పుడు తీసేయాలి. ప్లగ్గు పెట్టే జెల్ సంచి కూడా ఒకటి కొన్నాను, అది రెండు గంటల్లో చల్లారిపోతుంది, బరువు. షాపులో కూర్చున్నప్పుడు కాళ్ల కింద పెట్టుకోవడానికి తప్ప వాడలేదు.

ఒళ్లో కప్పుకోవడానికి నా దగ్గర మా నాన్న గొంగళి ఉంది. చళ్లకెరెలో కొన్నది, మా వైపు వాళ్లంతా అక్కడి కంబళ్లే వాడతారు. నల్లగొర్రె ఉన్ని, చింతగింజల గంజి పెట్టి నేసినది. కొత్తలో బిరుసుగా గుచ్చుకుంటుంది, పదేళ్లు వాడాక మెత్తబడుతుంది. నాన్న పోయాక అమ్మ నాకిచ్చింది. మిషను కింద నుంచి వచ్చే గాలికి దీన్ని మించింది లేదు. కానీ దుమ్ము, నూగు రాలుతుంది. పట్టు బట్టలు కుట్టేటప్పుడు దాని మీద పాత దుప్పటి కప్పాల్సి వస్తోంది.

ఇవన్నీ పెట్టుకున్నా ఒక్కోసారి తెల్లబడతాయి. జనవరి మొదట్లో ఒక పెళ్లికూతురి వాళ్లమ్మ ఫోను చేసి, చేతుల కొలత తప్పిందని గట్టిగా మాట్లాడారు. మధ్యాహ్నం రెండింటికి, ఎండలో. ఫోను పెట్టేసరికి నాలుగు వేళ్లు తెల్లగా ఉన్నాయి. గాభరాకు కూడా నాళాలు బిగుసుకుంటాయి, దానికి వార్మర్ చేసేదేమీ లేదు. అప్పటి నుంచి సాయంత్రం ఐదు తర్వాత కస్టమర్ల ఫోన్లు మా ఆయన ఎత్తుతున్నారు. “అక్క రేపు పొద్దున మాట్లాడుతుందమ్మా” అని చెప్తారు. ఒక్క ఆర్డరు కూడా పోలేదు.

కొనేముందు డాక్టరును కలవండి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. నలభై దాటాక మొదలైతే, ఒక్క చేతికే వస్తుంటే, వేలి కొసల్లో పుండు పడితే, కీళ్ల నొప్పులో చర్మం బిగుసుకోవడమో ఉంటే వస్తువులతో నెట్టుకురాకండి. మీరు వేసుకునే మాత్రలన్నీ చూపించండి. కొన్ని బీపీ మాత్రలు, కొన్ని మైగ్రేన్ మాత్రలు, ముక్కుదిబ్బడకు వేసుకునే జలుబు మాత్రలు కూడా దీన్ని పెంచుతాయి. నేను జలుబు చేసిన ప్రతిసారీ షాపులో అడిగి తెచ్చి వేసుకునేదాన్ని, ఆ వారమంతా వేళ్లు ఎందుకు పాడయ్యేవో ఇప్పుడు తెలిసింది. ఇంట్లో సిగరెట్టు తాగేవాళ్లుంటే వాళ్లకు చెప్పండి, మీకోసం మానమని అడగండి.

వార్మర్ జతకు ఐదులో మూడు ఇస్తాను. టైమర్ పెట్టి, బ్యాటరీ గంటలు నిజంగా రాసి, నడుముకు కట్టుకునే పట్టీ కూడా ఇస్తే ఇదే ధరకు ఐదూ ఇచ్చేదాన్ని. పట్టీ కావాలనుకునేవాళ్లు కుట్టించుకోండి: ముప్పావు మీటరు ఫ్లానెల్, అంతే నూలు గుడ్డ, వెడల్పు ఏడంగుళాలు, పొడవు మీ నడుము కొలతకు నాలుగంగుళాలు ఎక్కువ. జేబు నాలుగున్నర బై మూడున్నర, పైన మడతమూత తప్పకుండా పెట్టించండి. నాది లేకే ఆ రాత్రి జారిపోయింది.

ఇప్పుడు మార్చి. కింది లెవెల్‌లో 3 గంటల 50 నిమిషాలు వచ్చినది 3 గంటల 20కి తగ్గింది. రెండింటినీ సగం ఛార్జ్‌లో పెట్టి, సాక్సూ పట్టీ ఉతికి, వేపాకుతో గొంగళి మడతలో చుట్టి బీరువా పైన పెట్టాను. కార్తీకంలో తీస్తాను, టైము మళ్లీ చూసి ఇక్కడే రాస్తాను.